చీర రంగు చూడాలంటే పగలే రావాలి

సంపాదకుల వారికి, నమస్కారం.

వేసవిలో విజయవాడలో షాపులు, తిండి బళ్లు రాత్రి ఒంటిగంట దాకా ఉండనిస్తే వ్యాపారాలు బాగుపడతాయని పోయినవారం మీ పాఠకుల పేజీలో ఒకరు రాశారు. పగలు ఎలాగూ ఎవరూ బయటికి రారు కదా అన్నారు. నేను బీసెంట్ రోడ్డు దగ్గర ఒక చీరల షాపులో 19 ఏళ్లుగా గుమస్తాని. ఆ ఉత్తరం చదివాక నాకూ రాయాలనిపించింది.

ఏప్రిల్, మే నెలల్లో మేం పదింటికి షట్టర్ తీస్తాం. పదకొండున్నర దాటితే రోడ్డు మీద మనిషి కనపడడు. తోపుడు బళ్ల వాళ్లు గొడుగు కింద తలకి తడి తువ్వాలు చుట్టుకుని కూర్చుంటారు. లోపల ఏడుగురు గుమస్తాలం ఉంటాం, ఏసీలు తిరుగుతుంటాయి, బేరం మాత్రం ఉండదు. నిన్న మడత పెట్టిన చీరల్నే విప్పి మళ్లీ మడత పెడతాం. సాయంత్రం ఆరున్నర దాటాక ఒక్కసారిగా జనం. తొమ్మిదింపావుకి ఓ కుటుంబం దిగుతుంది, పెళ్లి చీరలు చూపించమంటారు. పరుపు మీద ఆరుగురు ఆడవాళ్లు, వెనక కుర్చీల్లో ఫోన్లు చూసుకుంటూ మగవాళ్లు. డెబ్భై చీరలు విప్పుతాను, నాలుగు తీసుకుంటారు. మిగతా అరవై ఆరూ మడత పెట్టి ర్యాకులో సర్దేసరికి పదకొండు. షేర్ ఆటో పట్టుకుని సింగ్ నగర్‌లో ఇల్లు చేరేసరికి పదకొండున్నర. పగలంతా కాగిన రేకుల కప్పు అప్పటికీ చల్లబడదు. ఏ రెండింటికో కన్ను మూతపడుతుంది. ఒంటిగంట దాకా షాపులు ఉంచాలన్నవారు ఉదయం ఎన్నింటికి లేస్తారో నాకు తెలీదు. మా వీధిలో నీళ్లు మాత్రం అయిదున్నరకే వస్తాయి.

ఇక అసలు సంగతి. రాత్రి లైట్ల కింద చీర రంగు తెలియదు. ఇది నేను షాపులో కూర్చుని చెప్పకూడని మాట, అందుకే పేరు రాయడం లేదు. రాత్రి నెమలికంఠం అనుకుని కొన్నది పొద్దున్నే ఇంటి గుమ్మంలో చూస్తే మామూలు నీలం. మిరపపండు రంగు ఇటుక రంగైపోతుంది. వేసవిలో మార్చుకోవడానికి వచ్చే చీరల్లో సగం ఇలాంటివే. వెనకటి ఆడవాళ్లు చీర నచ్చితే చెరగు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి వెలుతుర్లో రెండు వైపులా తిప్పి చూసేవారు. జరీ మీద గోరు పెట్టి గీకి చూసిన పెద్దావిడ కూడా ఉంది! ఇప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపుతున్నారు. రంగు ఆ ఫోన్‌లో ఒకటి, ఈ లైటులో ఒకటి.

పగలంటే మధ్యాహ్నం రెండింటికి రోడ్డెక్కమని నేను చెప్పడం లేదు. 2015 మే నెలాఖరు ఎండలకి మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో మా ఎదురు తోపుడు బండి ముసలాయన కళ్లు తిరిగి పడిపోతే మేమే షాపులోకి ఎత్తుకొచ్చి తల మీద నీళ్లు పోశాం. నేను అడుగుతున్నది ఉదయం ఆరున్నర నుంచి పదకొండు దాకా ఉన్న పగలు గురించి. రైతు బజార్‌కి వెళ్లి చూడండి, ఏడింటికి సందు దొరకదు. మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు పెడితే పిల్లలు ఏడూ ముప్పావుకల్లా బడిలో ఉంటున్నారు. కూరగాయలకీ చదువుకీ పనికొచ్చిన పొద్దు బట్టలకి ఎందుకు పనికిరాదు?

మా బావమరిది కువైట్‌లో బిల్డింగ్ పనిలో ఉన్నాడు. అక్కడ జూన్ 1 నుంచి ఆగస్టు నెలాఖరు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని రూలు. వాళ్లు చీకటితో లేచి పని మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ఆపేస్తారు. మనకన్నా వేడి దేశం అది.

మా దగ్గరా ఒకసారి జరిగింది. కిందటేడు వైశాఖంలో ముహూర్తాలు దండిగా ఉన్నాయని మా యజమాని పది రోజుల పాటు ఏడింటికే షాపు తీద్దామన్నారు. మేం గొణుక్కుంటూనే వచ్చాం. మైలవరం నుంచి, నూజివీడు నుంచి, కంకిపాడు నుంచి మొదటి బస్సెక్కి వచ్చిన వాళ్లు ఏడున్నరకి పరుపు మీద కూర్చున్నారు. రాత్రి ఆఖరి బస్సు పోతుందనే భయం లేదు, సంకలో పిల్లల ఏడుపు లేదు. వెలుతుర్లో రంగులు చూసుకున్నారు, పదిన్నరకి బస్టాండులో ఉన్నారు. కానీ పట్టుమని పది రోజులు కూడా నడవలేదు, ఎనిమిదో రోజే మానేశాం. ఎందుకంటే చీర కొన్నావిడ జాకెట్ ముక్క కోసం మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్తే అది పదిన్నరకి గానీ తీయరు. ఫాల్ కుట్టే అబ్బాయి పదకొండుకి వస్తాడు. గాజుల కొట్టు అంతే. చీర చేతిలో పట్టుకుని మూడు గంటలు ఎండలో ఎదురుచూడడం కన్నా సాయంత్రం రావడమే నయమన్నారు జనం. ఒక్క షాపు తెరిస్తే లాభం లేదు, వీధి మొత్తం తెరవాలి. ఇది యజమానులందరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. పదకొండుకి మూసేసి, నాలుగింటికి తీసి, తొమ్మిదికి కట్టేస్తే మాకు మధ్యాహ్నం కాస్త నడుం వాల్చే వీలుంటుంది. వాళ్లకి ఏసీ బిల్లు తగ్గుతుంది.

ఆ మధ్యాహ్నం అయిదు గంటలూ జనం ఎక్కడుండాలనేది ఇంకో సమస్య. అందరి ఇళ్లూ స్లాబు ఇళ్లు కావు. ఒకప్పుడు గాంధీనగర్ హాళ్లలో మ్యాట్నీ ఉండేది. సగం మంది సినిమా కోసం, సగం మంది ఏసీలో నిద్ర కోసం వెళ్లేవాళ్లం. ఇప్పటి టికెట్ రేటుకి నిద్రపోతే బాధేస్తుంది. మా సందు మొదట్లో ఒక కానుగ చెట్టు ఉండేది. కానుగ తెలుసుగా, మిగతావి బోడిగా ఉన్నప్పుడు ఏప్రిల్లో నిండా చిగురేస్తుంది. దాని కింద చెప్పులు కుట్టే ఆయన, చెరుకురసం బండి, నలుగురు ఆటోవాళ్లు, అప్పుడప్పుడూ మా కుక్క. గాలివానలకి తీగల మీద పడుతుందని కిందటి ఏప్రిల్లో కొమ్మలన్నీ మాను దాకా నరికేశారు. తీగలకి తగిలే కొమ్మ ఒక్కటే కొట్టొచ్చు. లేదా ఆ పని మాఘంలో చేసుకోవచ్చు. చెరుకురసం బండి ఎటో పోయింది. చెప్పులాయన సాయంత్రాలే వస్తున్నాడు.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం అయిపోయి ఎంట్రన్స్‌కి చదువుతోంది. మధ్యాహ్నం ఇంట్లో రేకుల కింద పుస్తకం పట్టుకుంటే చెమటకి కాగితం అంటుకుంటుంది. మా పేట గ్రంథాలయంలో ఫ్యాన్లున్నాయి, బల్లలున్నాయి, స్లాబు ఉంది. పొద్దున ఎనిమిదికి తీసి పదకొండుకి తాళం వేస్తారు, మళ్లీ సాయంత్రం నాలుగింటికి తీస్తారు. సరిగ్గా ఎండ ఉన్నంతసేపూ మూసి ఉంటుంది. గ్రంథాలయోద్యమానికి పుట్టిల్లు లాంటి ఊరు మనది. ఆంధ్రదేశ గ్రంథాలయాల వాళ్లందరూ 1914లో మొదటి మహాసభ పెట్టుకున్నది ఇక్కడే, అదీ ఏప్రిల్లో. అప్పటికి ఫ్యాన్లు కూడా ఉండి ఉండవు.

అక్కడి ఉద్యోగిని నేను తప్పు పట్టను. ఆయన ఒక్కడే, పొద్దునా సాయంత్రం రెండు పూటలా ఆయనే రావాలి. రెండో మనిషిని వేసవి మూడు నెలలకైనా వేస్తే పదకొండు నుంచి నాలుగు దాకా తలుపు తీసి ఉంచొచ్చు. ఒక కుండ నీళ్లు పెడితే చాలు. పిల్లలు చదువుకుంటారు, ముసలాళ్లు పేపర్ ముందేసుకుని కునుకు తీస్తారు. తీయనివ్వండి.

రాత్రి బజార్ల మీద నాకు పగ లేదు. స్టేడియం దగ్గర ఫుడ్ కోర్టుకి నేనూ పిల్లల్ని తీసుకెళ్తాను, పునుగులు తింటాను. కాకపోతే అక్కడ వడ్డించే కుర్రాడు కూడా పొద్దున్నే ఎక్కడో ఇంకో పనికి వెళ్లేవాడే. ఒంటిగంట దాకా పెంచాలన్నప్పుడు వాడిని కూడా ఒకసారి అడగండి.

షాపుల వేళలు మారడానికి ఏళ్లు పడుతుందని నాకు తెలుసు. గ్రంథాలయం తాళానికి అంత టైము అక్కర్లేదు. మా అమ్మాయి పరీక్ష మేలో.

ఇట్లు,
ఒక చీరల షాపు గుమస్తా,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ.