కాకి లీడర్ దొరికాడ్రోయ్

ఒరేయ్ లీడరూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసి అప్పుడు చదువు. దసరాకి నువ్వు పెట్టిన మెసేజ్‌కి సంక్రాంతి వెళ్ళాక జవాబు రాస్తున్నా, తప్పే, ఒప్పుకుంటున్నా. రోజూ రాద్దామనుకోవడం, రాత్రయ్యేసరికి కళ్ళు మూతలు పడిపోవడం. అమ్మ మోకాలు అలాగే ఉంది, పెద్దోడు ప్లస్ టూ రాస్తున్నాడు, బ్రహ్మపురంలో మా వీధి పైపు మళ్ళీ పగిలింది, ఆఫీసు ఎప్పట్లాగే. ఇంతే న్యూస్. సూరత్‌లో మీరంతా బాగున్నారనుకుంటా, చెల్లెమ్మ బీపీ సంగతి తర్వాత వివరంగా రాయి.

ఇప్పుడు అసలు విషయం. ఫోన్‌లో చెప్దామని రెండుసార్లు నంబర్ నొక్కి కట్ చేసేశా. ఇది నువ్వు కూర్చుని చదవాలి.

మొన్న శనివారం పర్లాకిమిడి వెళ్దామని పూరి గుణుపురం రైలు ఎక్కా. ఎదురుగా ఒకాయన, మన వయసే, తల నెరిసింది, పెద్ద అట్టపెట్టె ఒకటి తెచ్చి సీటు కాలికి తాడుతో కడుతున్నాడు. ఊరికే చూస్తున్నానంతే. రెండు చుట్లు తిప్పాడు, రెండు హాఫ్ హిచ్ ముళ్ళు వేశాడు, మిగిలిన తాడుని బొటనవేలికీ మోచేతికీ చుట్టి చుట్ట చేసి పెట్టాడు. అప్పుడు చూశానురా తాడు కొస. విప్పిపోకుండా తెల్ల దారంతో దగ్గర దగ్గరగా, అంగుళం మేర, విప్పింగ్ చేసి ఉంది. దారం మొదలూ చివరా రెండూ లోపలికి లాగేసి, ముడి అన్నది కనబడకుండా. సామాన్లు కట్టుకునే తాడుకి ఎవడు చేస్తాడ్రా విప్పింగ్? నాకు నోరాగలేదు, "స్కౌటాండీ?" అనేశా. ఆయన నా మొహం కేసి ఒక్క నిమిషం చూసి ఎడమ చెయ్యి చాపాడు.

ఎడమ చెయ్యి! మన స్కౌట్ మాస్టర్ సార్ చెప్పేవారు గుర్తుందా, డాలు పట్టుకునేది ఎడమ చేత్తో, ఆ డాలు దించి చెయ్యి ఇచ్చామంటే ఎదుటివాణ్ణి నమ్మామని అర్థం అని. నేనూ ఇచ్చా. "ఏ ఊరండీ?" "పర్లాకిమిడి." "ఏ పెట్రోల్?" అన్నా, స్కౌట్లలో చిన్న జట్టుని అలాగే అంటాం కదా. ఆయన నవ్వి "కాకి" అన్నాడు.

ఒరేయ్, వాడేరా. మన కాకి లీడర్. కనుబొమ్మ మీద ఆ గాటు అలాగే ఉంది.

వాడు నన్ను ముందే పోల్చుకున్నాట్ట, పలకరించాలో వద్దో తెలీక పెట్టె కట్టుకుంటూ కూర్చున్నాట్ట. ఆ మాట అన్నప్పుడే నాకు లోపల ఎక్కడో కలుక్కుమంది. పలకరించాలో వద్దో అని ఎందుకు అనుకున్నాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

1992, దసరా సెలవుల తర్వాత వచ్చిన ఆదివారం. గండాహతి వైపు హైక్. తెల్లారకుండా బస్సు, చద్దన్నం మూటలు, నీ జేబులో ఉప్పు పొట్లం (ఉప్పు పొట్లం కథ ఇక్కడ రాయను, మీ ఆవిడ చదివితే నా పని అయిపోతుంది). సార్ కమాండ్లన్నీ హిందీలో, సావధాన్, విశ్రామ్. ప్రతిజ్ఞ ఒడియాలో. తిట్లు మాత్రం శుభ్రమైన తెలుగులో. దారి పొడుగునా కథలు. 1907లో బ్రౌన్సీ దీవిలో బేడెన్ పవెల్ గారు ఇరవై మంది పిల్లల్తో మొదటి క్యాంపు పెట్టారని చెప్పి "అక్కడా ఇరవై మందే, ఇక్కడా ఇరవై మందే, మరి మీరెందుకురా ఇలా ఏడుస్తున్నారు" అనేవారు. సవర గిరిజనుల పల్లెలు వస్తే గిడుగు రామమూర్తి గారి కథ. మన పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పుకుంటూనే ఆయన సవర భాష నేర్చుకున్నారు, మీకు పక్క పెట్రోల్ వాడి భాషే అర్థం కాదు, అని. ఆ మాట ఎంత నిజమో సార్‌కి కూడా తెలీదు, పాపం.

ఆట గుర్తుంది కదా. సార్ ముందు వెళ్ళి దారి పొడుగునా గుర్తులు పెడతారు. పెద్దరాయి మీద చిన్నరాయి పెడితే ఇదే దారి, పక్కన ఇంకో రాయి ఉంటే అటు తిరగాలి, రెండు పుల్లలు అడ్డంగా పెడితే ఈ దారి వద్దు. కాకి పెట్రోల్ ముందు, అరగంట ఆగి మనం. ఎవరు తక్కువ టైంలో క్యాంపుకి చేరితే వాళ్ళకి ఆ ఏడాది జెండా.

చింతచెట్టు దగ్గర దారి రెండుగా చీలింది. ఎడమ దారి గెడ్డ (కొండవాగు) వైపు. దాని మీద రెండు వెదురు కర్రలు, అడ్డంగా, చక్కగా స్క్వేర్ లాషింగ్ చేసి కట్టి ఉన్నాయి. కుడి వైపు రాళ్ళ గుర్తు. మనం కుడికి తిరిగాం. కొండ చుట్టూ తిరిగి తిరిగి, కాళ్ళు బొబ్బలెక్కి, బుడ్డోడు ఏడుస్తుంటే నువ్వు భుజానికెత్తుకుని, క్యాంపుకి చేరేసరికి చీకటి పడిపోయింది. జెండా పోయింది. సార్ "అదేంట్రా, నేను ఎడమకి కదా పెట్టాను" అన్నారు.

అప్పుడు మనం ఏం చేశామో గుర్తుందా? ఆ లాషింగ్ కట్టిన తాడు, కాదు కాదు, అది తాడు కాదు, లాన్యార్డ్, స్కౌట్ యూనిఫాంతో మెడలో వేసుకునేది, దాన్ని నువ్వు చెట్టు దగ్గరే విప్పి జేబులో పెట్టుకున్నావు. తీసి సార్ చేతిలో పెట్టావు. వెనకాల నుంచుని "కాకి లీడర్ మెడలో లాన్యార్డ్ లేదు సార్" అన్నది నేనే. అందరూ వాడి మెడ కేసి చూశారు. లేదు. వాడు నిలువునా తడిసి ఉన్నాడు, నిక్కరు కారుతోంది. మనం నవ్వాం. సార్ ఏం రా అంటే నోరు విప్పలేదు. వాడి ఎడమ జేబు మీది రెండు లీడర్ పట్టీలూ సార్ అక్కడే, జెండా కర్ర కింద, విప్పించేశారు. మర్నాటి నుంచి వాడు ట్రూప్‌కి రాలేదు. ఆర్నెల్లకి వాళ్ళ నాన్నకి ట్రాన్స్‌ఫర్ అయ్యి ఊరే వదిలేశారు. వెళ్ళేరోజు మనం నౌపడ లైను చిన్న బండి దగ్గరికి కూడా వెళ్ళలేదు. పక్కన పరిగెడితే అందే స్పీడు దానిది, వెళ్తే చెయ్యి అయినా ఊపేవాళ్ళం.

ఇన్నాళ్ళూ నేను ఏమనుకున్నానంటే, దొంగాట ఆడాడు, దొరికాడు, శిక్ష పడింది. మా పిల్లలకి కూడా ఆ కథ అలాగే చెప్పాను. నిజాయితీ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ కథే.

రైలు ఇచ్ఛాపురం దాటాక నేనే అడిగా, "ఒరేయ్, ఆ రోజు ఎందుకలా చేశావు?" అని. చాలాసేపు కిటికీ బయటికి చూసి చెప్పాడు.

వాళ్ళు గెడ్డలో దిగేటప్పటికి నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయి. వాన లేదు, ఎండ కాస్తోంది. సగంలో ఉండగా నీళ్ళ రంగు మారింది, ఎర్రగా, ఎండుటాకులూ నురగా తేలుకుంటూ వచ్చాయిట. పైన మహేంద్రగిరి వైపు ఎప్పుడో కురిసిన వాన. మనకి తెలీదురా అప్పుడు, కొండ మీద వాన పడితే కింద ఎండలోనే గెడ్డ వచ్చేస్తుంది, సవర వాళ్ళు ఆ ఎర్రనీళ్ళు చూస్తే పశువుల్ని కూడా దింపరు. నిమిషాల్లో నడుముకొచ్చేసింది. వాళ్ళ చిన్నోడు, ఆరో తరగతి గుంటడు, కాలు జారి కొట్టుకుపోయాడు. పది పదిహేను గజాలు. కాకి లీడర్ దూకి కర్ర అందించి, తాడు వాడి చంకల కింద వేసి, బిగుసుకుపోని బౌలైన్ ముడి కట్టి గట్టుకి లాగాడు. "ఒంటిచేత్తో బౌలైన్ వేయడం సార్ ఎందుకు నేర్పించారో ఆ రోజు తెలిసింది" అన్నాడు. అంటూ ఒట్టి చెయ్యి అలా తిప్పి చూపించాడు, మణికట్టు లోపలికి, బయటికి. ఇప్పటికీ ఆ చెయ్యి మర్చిపోలేదు.

అవతలి గట్టుకి చేరాక వాడికి మనం గుర్తొచ్చాం. అరగంట వెనక వస్తున్నాం కదా. మన దగ్గర ముగ్గురు చిన్నపిల్లలు. అరిస్తే వినబడదు, ఆ హోరులో. తాడు చెట్టుకి కట్టి, దాన్ని పట్టుకుని వాడొక్కడే మళ్ళీ ఇవతలికి వచ్చాడు. పన్నెండేళ్ళ గుంటడురా! కాగితం ముక్క ఉంటే చీటీ పెట్టేవాడే, జేబులోవన్నీ ముద్దయిపోయాయి. సార్ పెట్టిన రాళ్ళ గుర్తు కుడికి మార్చి, ఎడమ దారి మీద వెదురు కర్రలు రెండు అడ్డంగా పెట్టాడు, గాలికో మేకలకో కదిలిపోతే మనం దిగిపోతామని భయమేసి గట్టిగా కట్టాలనుకున్నాడు. తాడు గెడ్డ మీద ఉంది, విప్పితే వెనక్కి వెళ్ళలేడు. మెడలో లాన్యార్డ్ తీశాడు.

ఆగి మనకోసం ఉండొచ్చుగా అన్నా. "నీళ్ళు పెరుగుతున్నాయిరా, అవతల మా వాళ్ళు ఏడుగురూ నీళ్ళ పక్కనే ఏడుస్తున్నారు" అన్నాడు.

మరి చెప్పలేదేం? చిన్నోడు కాళ్ళు పట్టుకున్నాట్ట, మా నాన్నకి తెలిస్తే ట్రూప్ మాన్పించేస్తాడు అని. ఇంకోటి, పిల్లాడు గెడ్డలో పడ్డాడని తెలిస్తే బడి వాళ్ళు సార్‌నే ఆపేస్తారు, ఇంక హైకులే ఉండవు, అని వాడికి వాడే అనుకున్నాడు. మనం లాన్యార్డ్ చూపించినప్పుడు చెప్పేద్దామనుకున్నాట్ట. "మీరు నవ్వారు కదా, అప్పుడు ఇంక చెప్పబుద్ధి కాలేదు."

నాకు మాట రాలేదురా. పక్క సీట్లో పాప వేరుశెనక్కాయలు ఒలుస్తూ నన్నే చూస్తోంది. చేతులు పట్టుకుని క్షమించమన్నా. వాడు "మీరు కుడికి తిరిగారు కదా, అదే చాలు" అన్నాడు. నిజంగా అన్నాడు, ఏదో పెద్దమనిషి తరహాలో కాదు. ఆ సాయంత్రం మనం ఇంకా రాలేదని క్యాంపులో వాడొక్కడే దారి కేసి చూస్తూ కూర్చున్నాట్ట, మనం కనబడ్డాకే అన్నం తిన్నాడట. మనం గమనించామా? నాకైతే గుర్తు లేదు. నీకేమైనా గుర్తుందా?

రాత్రంతా ఒకటే ఆలోచన. దొంగాట ఆడేవాడు తన మెడలో లాన్యార్డ్‌తో కడతాడా? కర్రలు తడిసి ఉన్నాయి కూడాను, విప్పుతుంటే ముడి ఉబ్బిపోయి రావట్లేదని నువ్వు పళ్ళతో లాగావు, నాకు బాగా గుర్తు. కాళ్ళ కింద ఎన్ని గుర్తులున్నాయో చూడమని నేర్పారు మనకి, ఆరు నెలలు నేర్పారు. ఆ తడి లాన్యార్డ్ చేతిలో పెట్టుకుని కూడా చదవలేకపోయాం. సార్ చదివారేమో అని ఇప్పుడు అనుమానం. ఆ తర్వాత ఎప్పుడూ ఆ గెడ్డ దారిలో హైక్ పెట్టలేదు, గమనించావా? అడుగుదామంటే సార్ లేరు. ఆయన వాడి చేత పట్టీలు విప్పించినప్పుడు చేతులు వణికాయని నేను ఎప్పుడో నీతో అన్నాను, నువ్వు చలి అన్నావు. ఏమో.

ఇప్పుడు నీ పని చెప్తా విను. ఆ లాన్యార్డ్ సార్ నీకే ఇచ్చేశారు. నువ్వు దాన్ని పర్లాకిమిడిలో మీ అటక మీద నీలం ట్రంకు పెట్టెలో, బ్యాడ్జీల డబ్బాలో పెట్టావు, మీ నాయనమ్మ చనిపోయిన ఏడు సామాన్లు సర్దుతుంటే నేనే చూశా. అది ఉందా? పారేయలేదు కదా? ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఆ పెట్టె ఎక్కడ పెట్టారో అన్నయ్యని అడుగు, ఇవాళే అడుగు. కాకి లీడర్ రథయాత్రకి పర్లాకిమిడి వస్తానన్నాడు. నువ్వూ రావాలి. సెలవు దొరకదు, టికెట్ లేదు, ఆ కబుర్లు నాకు చెప్పకు. తీసుకున్నది నువ్వు, చూపించింది మనిద్దరం, ఇచ్చేది కూడా మనిద్దరమే ఇవ్వాలి. ఇంకోటి కూడా అనుకున్నా, ఆ రెండు పట్టీలు... అది ఫోన్‌లో చెప్తా, నీ ఐడియా కూడా కావాలి.

వాడు ఏం చేస్తున్నాడో చెప్పనేలేదు కదూ, ఫైర్ సర్వీస్‌లో చేసి... అయ్యో పెద్దోడు ఫోన్ అడుగుతున్నాడు, ట్యూషన్ లింకు దీన్లోనే వస్తుందిట. ముందు ట్రంకు పెట్టె సంగతి చూడు.

నీ సెకండ్ (పెట్రోల్‌లో నీ తర్వాతవాణ్ణి)