ఆ ఒక్క ప్రశ్న అడిగిన మీకు

నాలుగు రోజుల తర్వాత ఇందాకే సిస్టమ్ మొత్తం బిల్డ్ అయింది. కళ్ళు మండుతున్నాయి, అక్షరాలు తప్పితే సర్దుకోండి. ఇది రాయకుండా పడుకుంటే నిద్ర పట్టేలా లేదు.

సోర్స్ కోడ్‌ని నడిచే ప్రోగ్రాములుగా (బైనరీలుగా) మార్చే కంపైలర్ జీసీసీ. దాని వెర్షన్ 13 నుంచి 14కి మారి, అదే ఊపులో అన్నిటినీ సోర్స్ నుంచి తిరిగి కట్టడం మొదలుపెట్టాను. తొమ్మిది వందల పైచిలుకు ప్యాకేజీలు. తొందరపడి పాత కంపైలర్‌ని తీసేశాను. వెంటనే, కంపైలర్ ఎగ్జిక్యూటబుల్స్ తయారు చేయలేకపోతోందని, కట్టేముందు అన్నీ సరిచూసే కాన్ఫిగర్ స్క్రిప్ట్ మొండికేసింది. అది నేనే తేల్చుకున్నాను. కాన్ఫిగ్ లాగ్ తెరిచి చూస్తే, ఎప్పుడో నా చేత్తో నేనే సెట్టింగుల్లో రాసుకున్న 13 పేరే ఇంకా పిలుస్తోంది.

అసలు నరకం ఆ తర్వాత. ఒకసారి బ్రౌజర్ దగ్గర, ఇంకోసారి ఎల్‌ఎల్‌వీఎం (ఇంకో పెద్ద కంపైలర్ ప్యాకేజీ) దగ్గర, 'ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్, సెగ్మెంటేషన్ ఫాల్ట్'. అంటే కంపైలరే మధ్యలో కూలిపోతోంది. మెమరీ చాలట్లేదేమోనని ఒకేసారి నడిచే ఎనిమిది జాబులని రెండుకి తగ్గించాను. ఒక ప్యాకేజీ గట్టెక్కింది, గెలిచాననుకున్నాను, పక్కది పడిపోయింది. అడిగినవాళ్ళల్లా కంపైలర్‌కి ఇచ్చే ఫ్లాగులు (ఆప్షన్లు) తీసెయ్యమన్నారు, లేదంటే అంతా తుడిచేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోమన్నారు.

ముక్కూ మొహం తెలియని మీరొక్కరే, కమాండేదీ ఇవ్వకుండా, "ఒకే ఫైల్‌ని ఐదుసార్లు కంపైల్ చేస్తే ఐదుసార్లూ ఒకే చోట పడుతోందా అండీ?" అని అడిగారు.

చేసి చూశాను. రెండుసార్లు శుభ్రంగా అయింది, మూడుసార్లు మూడు వేర్వేరు చోట్ల పడింది. "కంపైలర్ బగ్ అయితే ఇలా మాట మార్చదు, ప్రతిసారీ అక్కడే పడుతుంది. మెమరీ చాలకపోతే కెర్నలే చంపేస్తుంది, అప్పుడు 'కిల్డ్' అని వస్తుంది. మీది రెండూ కాదు. ర్యామ్ చూడండి" అన్నారు. జీసీసీ తనని తాను మూడు దశల్లో కట్టుకుంటుందనీ, రెండో దశ, మూడో దశ ఆబ్జెక్ట్ ఫైళ్ళు అచ్చంగా ఒకేలా రావాలనీ ఓపిగ్గా చెప్పారు. మొదటిరోజు నాకు 'బూట్‌స్ట్రాప్ కంపారిజన్ ఫెయిల్యూర్' వచ్చింది, అంటే ఆ రెండూ కలవలేదని. రెండోసారి అయిపోయింది కదా అని వదిలేశాను. చెప్పడానికి సిగ్గేసింది. మీరు నవ్వలేదు.

ఆ రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి, కూర్చుని చూస్తానన్నాను. "దానికి మీ కాపలా అక్కర్లేదు. తెల్లవార్లూ అదే తిరుగుతుంది. మీరు పడుకోండి. పొద్దున తప్పులు చూపే ఎర్ర గీతలు కనబడితే నాకు చెప్పండి, నేనుంటాను."

నేనుంటాను అన్నారు చూడండి, అక్కడ నా వల్ల కాలేదు. మూడు రోజులుగా నన్ను ఎవరూ పడుకోమనలేదు. (ఇంట్లోవాళ్ళు అన్నారు, అది వేరు.)

పొద్దున ఎర్ర గీతలే. రెండు ర్యామ్ స్టిక్కుల్లో ఒకటి చెడిపోయింది. చెడ్డ ర్యామ్ మీద కట్టిన ఏ బైనరీనీ నమ్మకూడదు, మళ్ళీ మొదటి నుంచీ కట్టాలన్న మాట కూడా మీరే చెప్పాల్సి వచ్చింది. "చెప్పడానికి నాకే మనసొప్పట్లేదు" అని చెప్పారు.

ఒక్క కడుపుమంట. తప్పుని పట్టుకునే ఈసీసీ మెమరీ సర్వర్లకేనా? ఇంటి మెషీన్లో ఉన్న మా ఫైళ్ళు ఫైళ్ళు కావా? ఆ స్టిక్ అమ్మినవాళ్ళకి వారంటీ అని రాస్తే, ఆపరేటింగ్ సిస్టమ్ మార్చి చూడమని జవాబొచ్చింది. ఎర్ర గీతల ఫోటో జతచేసినా అదే జవాబు.

ఇంట్లోవాళ్ళకీ, ల్యాప్‌టాప్ ఇచ్చిన తమ్ముడికీ థాంక్స్, వాళ్ళకి తెలుసు.

అయ్యో, మరిచేపోయాను. చివర్లో ఒక పాత ప్రోగ్రామ్ ఆగిపోతే ప్యాచ్ (కోడ్‌కి చిన్న దిద్దుబాటు) పంపినవారు! ముందుగా డిక్లేర్ చేయని ఫంక్షన్‌ని పిలిస్తే జీసీసీ 13 హెచ్చరించి వదిలేసేది, 14 ఎర్రర్ అని ఆపేస్తోంది. సీ భాష 1999 ప్రమాణం, సీ99లోనే తీసేసిన అలవాటట. ఒక్క ఇన్‌క్లూడ్ లైనుతో పోయింది. మీకు చాలా చాలా థాంక్స్.

ఇంకా, అర్ధరాత్రి లైవ్ యూఎస్‌బీ (నేరుగా యూఎస్‌బీ నుంచే నడిచే సిస్టమ్) ఇమేజ్ సరిచూసి ఇచ్చినవారు. మీ పేరు అడగనే లేదు. ఇది కనబడితే ఒక్క మాట పెట్టండి, రేపు లేచాక చూస్తాను.