లామా కాగితం మీద సంతకం పెట్టించుకోవడమేనా కారుణ్యం?

సంపాదకులు గారికి నమస్కారమండి.

మీ జిల్లా పేజీల్లో ఒక రకం వార్త తరచూ కనబడుతుంది, పొలం గొడవ తేలక ఒకరు, పెన్షన్ ఆగిపోయి ఇంకొకరు కలెక్టరాఫీసుకెళ్ళి "మాకు కారుణ్య మరణం ఇప్పించండి" అని అర్జీ పెట్టుకుంటారు, మీరూ అదే హెడ్డింగ్ పెట్టేస్తారు. వాళ్ళ బాధ నిజమే, కాదనను. కానీ వాళ్ళడిగేది చావు కాదు కదండీ, పని అవ్వాలని. 2016లో తంబళ్ళపల్లె కోర్టుకి ఒక జంట నెలల పాపని ఎత్తుకుని వెళ్ళింది గుర్తుందా, లివర్ జబ్బు, ఆపరేషన్‌కి డబ్బుల్లేవు, పాపకి కారుణ్య మరణం ఇప్పించమన్నారు. కోర్టు ఇవ్వలేదు, పేపర్లలో వచ్చాక ప్రభుత్వం కదిలి ఆపరేషన్‌కి సాయం చేసింది. అంటే ఆ తల్లిదండ్రులకి కావాల్సింది కారుణ్యమే, మరణం కాదు. రెండు మాటలూ కలిపేసి వాడీ వాడీ అసలు అర్థం పోగొట్టేశాం.

అసలు అర్థం మా ఇంటికొచ్చినప్పుడు మాకూ తెలీలేదు లెండి.

2023 నవంబర్‌లో మా నాన్నకి మెదడులో రక్తం గడ్డకట్టింది, 86 ఏళ్ళు. ప్రైవేటు ఆసుపత్రిలో 19 రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు. పదిహేనో రోజు నుంచీ డాక్టర్ గారు ఐసీయూ బయటికొచ్చి "ఇంక హోప్ లేదమ్మా, మీరే ఒక డెసిషన్ తీసుకోండి" అనేవారు. మా అన్నయ్య ధైర్యం చేసి "మరి ఆ గొట్టం తీసేసి బాధ లేకుండా చూడండి సార్" అని అడిగితే, "మేం తీయకూడదండీ, కేసవుతుంది, తీసుకెళ్తానంటే లామా రాసివ్వండి" అన్నారు. లామా అంటే డాక్టర్ వద్దన్నా మా ఇష్టప్రకారం పేషెంటుని తీసుకెళ్ళిపోతున్నాం అని మనం రాసిచ్చే కాగితం. వద్దన్నదెవరండీ? లాభం లేదని నాలుగు రోజుల్నుంచి చెబుతున్నది ఆయనే కదా! అన్నయ్య ఏం మాట్లాడకుండా సంతకం పెట్టాడు, బిల్లు కట్టాం, అంబులెన్స్‌లో 70 కిలోమీటర్లు ఆ అంబు బ్యాగ్ అంటారు చూడండి చేత్తో నొక్కేది, అది నొక్కుకుంటూ వచ్చాం. ఇంటి దగ్గర దింపాక ఆ కుర్రాడు గొట్టం పీకేసి, టైమైపోతోందని వెళ్ళిపోయాడు.

తర్వాత ఆరు గంటలు. ఆ గురక, ఆ ఎగశ్వాస, ఛాతీ అంత ఎత్తున లేచి పడటం. ఒక ఇంజెక్షన్ లేదు, ఒక నర్సు లేదు, వీధి చివర ఆర్‌ఎంపీ వచ్చి నాడి పట్టుకు చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళాడు. అమ్మ స్పూన్‌తో తులసినీళ్ళు పోస్తుంటే పెదవి చివర్నించి కారిపోయేవి. వచ్చినవాళ్ళంతా "ఇంటికొచ్చి పోయాడు, పుణ్యాత్ముడు" అన్నారు. నేనూ తలూపాను, ఏమంటాం.

ఆ తర్వాత చదివితే తెలిసింది, మేం అడిగింది నేరమేం కాదని. 2018 మార్చి 9న సుప్రీంకోర్టులో జస్టిస్ దీపక్ మిశ్రా బెంచ్, మొత్తం ఐదుగురు జడ్జీలు, గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగంలో 21వ ఆర్టికల్ ఇచ్చిన హక్కులో భాగమే అన్నారు. మంచి అయ్యే ఆశ లేనప్పుడు యంత్రాలు తీసేయొచ్చు, అలాంటప్పుడు నన్ను యంత్రాల మీద ఉంచొద్దని ముందే రాసిపెట్టుకునే లివింగ్ విల్లు కూడా చెల్లుతుంది. మొదట పెట్టిన పద్ధతి మహా చిక్కు, విల్లు మీద మేజిస్ట్రేట్ సంతకం కావాలి, రెండోసారి చూసే డాక్టర్ల బోర్డు కలెక్టర్ వెయ్యాలి, అందుకని ఎవరూ దాని జోలికెళ్ళలేదు. 2023 జనవరిలో సుప్రీంకోర్టే సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ చాలు. ఆసుపత్రిలోనే డాక్టర్ల బోర్డులు రెండు, ఒకదాని తర్వాత ఒకటి చూసి చెప్పాలి, ఒక్కోటి 48 గంటల్లో తేలిస్తే మంచిదన్నారు, రెండో బోర్డులో జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టర్ ఉంటారు, తీసేముందు మేజిస్ట్రేట్‌కి తెలియజేస్తారు. విల్లు లేకపోయినా ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే ఇదే దారి. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మాత్రం అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే, దాని గురించి నేను మాట్లాడట్లేదు. చూశారా, ఆ రూలు మారిన పది నెలలకి మా నాన్న పోయారు, ఆ ఆసుపత్రిలో ఒక్కరు ఈ ముక్క చెప్పలేదు.

దీనికి అందరూ అనే మాట ఒకటుంది, ఆస్తుల కోసం ముసలాళ్ళని చంపేస్తారండీ అని. భయం ఉత్తిది కాదు, మన ఊళ్ళలో కొడుకుల సంగతి మనకి తెలీదా. కానీ లామాలో అడిగేవాడెవడు? అక్కడ ఒక్క సంతకంతో పని అయిపోతోంది, బోర్డు లేదు, రికార్డు లేదు, ఇద్దరు డాక్టర్లు చూసింది లేదు. డబ్బులైపోయిన రోజే డెసిషన్ తీసుకునే రోజు అవుతోంది. పేదవాడికైతే మూడో రోజే అయిపోతుంది. పద్ధతి ఉన్నచోట కంటే లేనిచోటే మోసం సులువు కదండీ.

అలాగని అందరికీ ఒకటే జవాబు అనను. ముంబై కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ 1973లో దాడి తర్వాత 42 ఏళ్ళు తెలివి సరిగా లేకుండా మంచం మీదుండి 2015లో పోయారు. ఆవిడకి విముక్తి ఇమ్మని జర్నలిస్టు పింకీ విరానీ గారు కేసు వేస్తే అక్కడి నర్సులే ఒప్పుకోలేదు, మా మనిషి మేం చూసుకుంటాం అన్నారు, అన్నేళ్ళలో ఒక్క పుండు పడకుండా చూశారట. 2011లో కోర్టు వాళ్ళ మాటే వింది. నాకైతే ఆ నర్సులదీ కారుణ్యమే అనిపిస్తుంది. మన హైదరాబాద్‌లో కండరాల జబ్బుతో ఉన్న చెస్ ఆటగాడు వెంకటేష్ 2004లో అడిగింది ఇంకోటి, ప్రాణం ఉండగానే అవయవాలు దానం చేస్తాను అన్నాడు, తల్లే హైకోర్టుకెళ్ళింది. చట్టం ఒప్పుకోదంది కోర్టు, ఆ డిసెంబర్‌లోనే పోయాడు. ఆ తల్లి గుండె ఎంత గట్టిదో నాకిప్పటికీ అంతుపట్టదు.

అసలు మన పెద్దలకిది కొత్తేం కాదు. పోచంపల్లిలో భూదానం మొదలెట్టిన వినోబా భావే 1982లో ఇంక చాలనుకుని మందులు, తిండి మానేసి వెళ్ళిపోయారు, ఎవరూ గొట్టాలు పెట్టలేదు.

నాన్న సంవత్సరీకం అయ్యాక నేనూ లివింగ్ విల్లు రాసుకున్నాను, నాకిప్పుడు 63. నోటరీ ఆయన "ఇల్లు ఎవరి పేరున రాస్తున్నారమ్మా" అని అడిగారు, ఆయనకి అర్థమయ్యేసరికి అరగంట పట్టింది. కాపీ ఒకటి మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో దానికని పెట్టిన అధికారికి ఇవ్వాలని రూల్లో ఉంది. మా ఆఫీసుకెళ్తే ఒకాయన జనన మరణాల కౌంటర్‌కి పంపాడు, వాళ్ళేమో "మరణం అయ్యాక రండి మేడమ్" అన్నారు. (నవ్వొచ్చింది, ఏం చేస్తాం.) ఇంకొకాయన విల్లంటే రిజిస్ట్రేషనాఫీసు అన్నాడు. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో ఈ బోర్డుల గురించి సర్క్యులర్ ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా ఆసుపత్రి గోడ మీద కనబడేలా అలాంటిదొకటి ఉండాలి, దాంతోపాటు గట్టి నొప్పి తగ్గించే మార్ఫిన్ మందు ఉండాలి. అది క్యాన్సర్‌కే కాదు, ఎగశ్వాస బాధకీ ఇస్తారట, 2014లో మత్తుమందుల చట్టం మార్చి అనుమతులు కూడా తేలిక చేశారు. కేరళలో నర్సులు ఇళ్ళకొచ్చి చూస్తారు, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనూ అలాంటి వైద్యం ఉంది, మా ఊరికి రావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో. ఆ ఆరు గంటల్లో మా నాన్నకి అదొక్కటి దొరికి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్నే కాదేమో.

నా విల్లు కాపీ బీరువాలో గ్యాస్ బుక్కు పక్కన పడుంది. మా అబ్బాయికి చూపిస్తే "శుభమా అంటూ ఇప్పుడివన్నీ ఎందుకమ్మా" అని చదవకుండానే మడిచి ఇచ్చేశాడు. ఆ కాపీ తీసుకునే అధికారి ఎవరో మీ విలేకరులు ప్రతి జిల్లాలో కనుక్కుని ఒక్క వార్త వెయ్యండి, నేను మళ్ళీ వెళ్ళి ఇచ్చొస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
గుంటూరు జిల్లా