వాడిన నూనెను రిఫైనరీకి పంపండి

సంపాదకులు గారికి,

హోటళ్లలో వాడేసిన నూనెతో బయోడీజిల్ తయారీ గురించి ఈ మధ్య మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. మంచి ప్రయత్నమే. అయితే నూనెలో మిథనాల్, కాస్టిక్ సోడా కలిపే పద్ధతి ఒక్కటే ఉన్నట్టు రాశారు. ఇంకో దారి ఉంది: క్రాకింగ్, అంటే పెద్ద అణువులను వేడితో, ఉత్ప్రేరకంతో చిన్న ముక్కలు చేసి ఇంధనంగా మార్చడం. రిఫైనరీ క్రాకింగ్ యూనిట్‌లో పనిచేసి రిటైరైనవాడిగా అది చెప్పడం నా బాధ్యత.

బజ్జీల బండి మీద మళ్లీ మళ్లీ కాగిన నూనెలో కొవ్వు ఆమ్లాలు విడిపోయి ఉంటాయి, నీరూ చేరుతుంది. అలాంటి దానిలో కాస్టిక్ కలిపితే సబ్బు తయారవుతుంది. బయోడీజిల్, గ్లిజరిన్ పొరలు ఒక పట్టాన విడిపోవు. క్రాకింగ్‌లో ఈ బెడద లేదు. సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వేడిలో జియోలైట్ అనే సూక్ష్మరంధ్రాల ఖనిజంతో చేసిన ఉత్ప్రేరకం (చర్యను వేగవంతం చేసే పదార్థం) తగలగానే నూనె అణువులు కొన్ని సెకన్లలోనే ముక్కలై పెట్రోలు, డీజిల్ కోవకు చెందిన హైడ్రోకార్బన్లుగా, వంటగ్యాసుగా మారతాయి. నూనె బరువులో దాదాపు 11 శాతం ఉండే ఆక్సిజన్ నీరుగా, కార్బన్ ఆక్సైడ్లుగా వెళ్లిపోతుంది. ఉత్ప్రేరకం మైదాపిండిలాంటి పొడి. మసి పట్టి నల్లబడి వస్తుంది. పక్క పాత్రలోకి గాలి పంపి, 700 డిగ్రీల వేడిలో ఆ మసిని కాల్చేస్తే రంగు తేరి మళ్లీ పనిలోకి దిగుతుంది. మసి కాలిన వేడితోనే యూనిట్ నడుస్తుంది.

జాగ్రత్త పడాల్సింది ఉప్పు దగ్గర. పిండిలోంచి నూనెలోకి దిగిన ఉప్పులోని సోడియం జియోలైట్‌ను పాడుచేస్తుంది. అందుకే నూనెను వడగట్టి, నీళ్లతో కడిగి, యూనిట్‌లోకి వెళ్లే పెట్రోలియం ముడిసరుకులో కొద్దిపాళ్లు మాత్రమే కలపాలి. మసి ఎంత పెరుగుతోందో చూసుకుంటూ పాళ్లు పెంచవచ్చు. మంచి వంటనూనెను మాత్రం ఇందులో పోయవద్దు. మనం తినే నూనెలో సగానికి పైగా దిగుమతే. వాడిన నూనె చాలకపోతే కానుగ నూనె ఉంది, దాన్ని ఎవరూ తినరు.

విశాఖపట్నంలో 1957 నుంచి రిఫైనరీ ఉంది, క్రాకింగ్ యూనిట్లూ ఉన్నాయి. ఉన్న యూనిట్‌లోనే ప్రయోగం మొదలుపెట్టవచ్చు. అసలు చిక్కు సేకరణలో ఉంది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే వ్యాపారులే లెక్కలు రాయాలని ఆహార భద్రతా సంస్థ నిబంధన. బండ్ల వాళ్లు, చిన్న టిఫిన్ సెంటర్లు దాని కిందికి రారు. వాళ్ల దగ్గర నల్లబడ్డ నూనె చవకగా చేతులు మారి ఇంకొకరి బాణలిలోకి చేరితే అడిగేవాళ్లు లేరు. నగరపాలక సంస్థ వార్డుకో సేకరణ కేంద్రం పెట్టాలి. చమురు సంస్థలు లీటరుకు ఇంత అని ధర ముందే ప్రకటించి, నూనె తెచ్చిన రోజే డబ్బు చేతికివ్వాలి. పాత నూనె కొనే దళారీకన్నా ఒక్క రూపాయి ఎక్కువ వచ్చినా బండి వాళ్లు తామే తెచ్చి పోస్తారు.

– రిఫైనరీ విశ్రాంత ఉద్యోగి,
గాజువాక, విశాఖపట్నం