‘నిపుణులను సంప్రదించండి’ సరే, ఎవరిని?

సంపాదకులు గారికి,

మానసిక ఆరోగ్యంపై మీ పత్రికలో వచ్చే వ్యాసాలను నేను క్రమం తప్పకుండా చదువుతుంటాను. మగవాళ్లు మనసులోని బాధను దిగమింగుకోకుండా ఎవరితోనైనా చెప్పుకోవాలని అవి సరిగానే చెబుతున్నాయి. అయితే దాదాపు ప్రతి వ్యాసమూ ‘నిపుణులను సంప్రదించండి’ అన్న మాట దగ్గర ఆగిపోతోంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుందని అనుభవం మీద రాస్తున్నాను.

నిరుడు కొన్ని నెలల పాటు నాకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది. ఇంట్లో చిన్న మాటకే గొంతు లేచేది. కుంగుబాటు అంటే ఏడుపు, నిస్సత్తువ అనుకునేవాణ్ణి కనుక ఇది అదే కావచ్చన్న ఆలోచనే రాలేదు. చివరికి ఒక క్లినిక్‌కు వెళ్తే, కౌంటర్‌లోని వ్యక్తి నలుగురూ వింటుండగా ‘సమస్య ఏమిటండీ?’ అని అడిగారు. నా నోటి నుంచి ‘నడుం నొప్పి’ అన్న మాట వచ్చింది. లేని ఆ నొప్పికి రాసిన మాత్రలు ఐదు రోజులు వేసుకున్నాను కూడా. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, మళ్లీ మరో చోటికి వెళ్లడానికి నాకు మూడు నెలలు పట్టింది.

ఇది నా ఒక్కడి పిరికితనం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో 1983-84లో సాధారణ వైద్యులకు కుంగుబాటును గుర్తించడంలో శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాత అక్కడ ఆత్మహత్యలు తగ్గాయి, కానీ ఆ తగ్గుదల ప్రధానంగా స్త్రీలలోనే కనిపించింది. మగవాళ్లలో ఎక్కువమంది వైద్యుల దాకా రావడం లేదనీ, వాళ్ల కుంగుబాటు కోపం, చిరాకు, తాగుడు వంటి రూపాల్లో బయటపడి గుర్తింపునకు అందడం లేదనీ గ్రహించాక, ఆ లక్షణాలను అడిగే ప్రశ్నావళిని ఆ దీవి పేరుతోనే తయారు చేశారు. ప్రపంచవ్యాప్తంగా 2019లో లక్ష మందికి ఆత్మహత్య మరణాలు స్త్రీలలో 5.4 ఉంటే, పురుషులలో 12.6 ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇక వెళ్లదలచినవాడికి ఎదురయ్యే మొదటి అయోమయం పేర్ల దగ్గరే. సైకియాట్రిస్ట్ వైద్యశాస్త్రం చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మానసిక పరీక్షలు చేసి ప్రధానంగా మాటల ద్వారా చికిత్స చేస్తారు. కౌన్సెలర్ అన్న పేరు మాత్రం చాలా దేశాల్లో ఎవరైనా పెట్టుకోవచ్చు, కాబట్టి ఏం చదివారు, ఎక్కడ రిజిస్టర్ అయ్యారు అని అడగడం అమర్యాద కాదు. ఏ పద్ధతిలో చికిత్స చేస్తారు, సుమారు ఎన్నిసార్లు రావాల్సి ఉంటుంది, చెప్పింది ఏ పరిస్థితుల్లో గోప్యంగా ఉండదు అన్నవి కూడా మొదటి ఫోన్‌లోనే అడగవచ్చు. మగవాడి గోడు మగ థెరపిస్టుకే అర్థమవుతుందని నేనూ అనుకున్నాను. చివరికి నాకు కుదిరింది ఒక మహిళ దగ్గర. ‘మీకెలా అనిపిస్తోంది’ అని కాకుండా, ‘మూడింటికి లేచాక తెల్లవారే దాకా ఏం చేస్తారు?’ అని ఆమె అడిగారు. దానికి జవాబు చెప్పడం నాకు చేతనైంది. ఆమె కన్నా ముందు చూసిన ఇంకొకరితో రెండుసార్లు మాట్లాడినా పొసగలేదు. మొదట చూసినవారు కుదరకపోతే వారిని మార్చుకోవచ్చన్న సంగతి కూడా ఎవరూ చెప్పరు.

చికిత్స చేసేవారికి నా మనవి ఒక్కటే. కారణం చెప్పనక్కర లేకుండా, మెసేజ్ ద్వారా అపాయింట్‌మెంట్ తీసుకునే వీలు కల్పించండి. సాధారణ వైద్యులు కూడా నడుం నొప్పి అంటూ వచ్చిన మగవాణ్ణి నిద్ర గురించి, కోపం గురించి, తాగుడు గురించి రెండు ప్రశ్నలు అడిగితే బాగుంటుంది. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నవారు మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి, వీలైతే ఒంటరిగా కాకుండా.

మీ పత్రిక వచ్చే వ్యాసం చివర ఆ ఒక్క వాక్యానికి బదులు, ఎవరు ఏ చికిత్స చేస్తారో, వారిని ఏమేం అడగాలో ఒక చిన్న పెట్టెకట్టి ప్రచురించగలదా? నా పేరు మాత్రం వేయవద్దని కోరుతున్నాను. ఆ కౌంటర్ ముందు నిలబడ్డప్పటి బెరుకు ఇంకా పూర్తిగా పోలేదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు