‘వింత చేప’ కాదు, చెరువులకు పట్టిన చీడ

సంపాదకులకు,

గత వారం మీ జిల్లా పేజీలో ‘వలలో వింత చేప’ అని ఫొటో వేశారు. చూసేందుకు జనం ఎగబడ్డారని రాశారు. తర్వాత దాన్ని చంపారా, మళ్లీ నీళ్లలో వదిలారా? అసలు రాయాల్సింది అది. అది దక్షిణ అమెరికా నుంచి అక్వేరియం వ్యాపారంతో వచ్చిన సక్కర్ చేప. అద్దాల తొట్టె గోడలకు పట్టిన నాచు తింటుందని పిల్లగా ఉన్నప్పుడు అమ్ముతారు. అది అడుగు దాటి పెరిగాక కొన్నవాళ్లు తీసుకెళ్లి కాలువలో వదిలేస్తారు.

మన బొచ్చె, శీలావతి లక్షల్లో గుడ్లు పెట్టినా నిలవ నీటి చెరువులో ఈనవు. అందుకే ఏటా పిల్లలను తెచ్చి వదులుతాం. ఈ సక్కర్‌కు ఆ అవసరం లేదు. గట్టులోకి మూడు నాలుగు అడుగుల బొరియ తవ్వుతుంది. ఆడది అందులో గుడ్లు అంటించి పోతే పిల్లలయ్యేదాకా మగది కాపలా ఉంటుంది. గుడ్లు వందల్లోనో, రెండు మూడు వేలో ఉంటాయి. కాపలా ఉంది కాబట్టి అవే చాలు. ఒంటినిండా ఎముక పలకలు, రెక్కలకు గట్టి ముళ్లు ఉండటంతో పెద్దదాన్ని మింగే చేప మన చెరువుల్లో దాదాపు లేదు. వలలు చిరిగిన నష్టం జాలరిది, గట్టుకు బుంగ పడిన నష్టం రైతుది.

గట్టు మీద పారేస్తే చస్తుందనుకోవడం పొరపాటు. పొట్టతో గాలి పీల్చుకుంటూ గంటల తరబడి బతుకుతుంది, వాన పడితే మళ్లీ నీళ్లలోకి జారుతుంది. చంపి, నీటికి దూరంగా పూడ్చాలి. వేసవిలో నీరు తగ్గి బొరియలు బయటపడినప్పుడే అసలు పని. పైపైన మట్టి కప్పితే లోపలి తడిలో చేప బతికే ఉంటుంది. చివరిదాకా తవ్వి, చేపను, గుడ్లను తీసి, బంకమట్టితో పూడ్చి దిమ్మిస కొట్టాలి. తూముకు దోమతెరంత సన్న కన్నుల జాలి కట్టాలి. చెత్త పట్టి నీరు ఆగుతుంది కాబట్టి రోజూ కడగాలి. చాలాచోట్ల అది కడగలేకే జాలి తీసేస్తున్నారు, వరద నీటితో పిల్లలు దిగువ చెరువుకు చేరుతున్నాయి.

తూర్పు కనుమల జలవనరుల్లో సుమారు 60 శాతం చోట్ల దీని ఆనవాళ్లున్నాయని హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏ పరీక్షించి 2024లో చెప్పారు. అయినా అధికారుల్లో చలనం లేదు. ఇలాగే బయటి నుంచి వచ్చిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని మన దేశంలో 2000లోనే నిషేధించారు. ఇప్పటికీ చాటుమాటుగా పెంచుతూనే ఉన్నారు, పట్టుకున్నప్పుడల్లా అధికారులు గుంతలు తీసి ఆ చేపలను పూడ్చి ఫొటోలు దిగుతున్నారు. ఆ చేప పిల్లలు ఎక్కడి నుంచి వచ్చాయో అడిగే నాథుడు లేడు. బంగ్లాదేశ్ 2023లో సక్కర్‌ను నిషేధించింది. మన దగ్గర అక్వేరియం దుకాణాల్లో ఇంకా బహిరంగంగా అమ్ముతున్నారు!

ఈసారి చెరువుల్లో చేప పిల్లలను వదిలేముందు అధికారులు సంచులు లెక్కపెట్టి సంతకం చేసి వెళ్లిపోకూడదు. ప్రతి లోడు నుంచి కొన్ని సంచులు తెల్ల టబ్బులో పోయించి చూడాలి. నోరు పొట్ట వైపు ఉండి, ఒళ్లు గరుకుగా, వీపు రెక్క తెరచాపలా పెద్దగా ఉన్న పిల్ల ఒక్కటి కనిపించినా ఆ లోడు వెనక్కి పంపాలి. మీరు కూడా ఇకపై ఆ ఫొటో వేస్తే, కింద ‘తిరిగి నీళ్లలో వదలకండి’ అని పెద్ద అక్షరాల్లో వేయండి.

— ఒక పాఠకుడు