గొంతులు ఎక్కడ దొరుకుతాయని అడిగావు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా

ప్రియమైన అమ్మలూ,

ప్రభువు నామంలో శుభాలు. మీ అమ్మా నేనూ కులాసాగా ఉన్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, ఆదివారం ఆరాధనకు నడిచే వస్తోంది.

నీ ఉత్తరం చదివి సంతోషించాను. మీ తెలుగు క్రైస్తవ రేడియోలో ఇన్నేళ్లుగా కార్యక్రమం చెబుతున్న అయ్యగారు వచ్చే ఏడాది విశ్రాంతి తీసుకుంటున్నారనీ, ఆయన వెనక ఎవరినీ తయారు చేయలేదనీ రాశావు. ఆ సమయాన్ని హైదరాబాదులో పేరున్న ఒక ప్రసంగీకుని రికార్డింగులతో నింపేద్దామని కొందరు అంటుంటే, కొత్తవాళ్లను నేను వెతికి తెస్తానని నువ్వు గడువు అడిగావట. మంచి పని చేశావు, తల్లీ. పర్లాకిమిడి, గుణుపురం వైపు గొంతులు దొరుకుతాయా నాన్నా అని అడిగావు. తప్పకుండా దొరుకుతాయి. అయితే మీ వాళ్లు వెతుకుతున్న చోట దొరకవు.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో ముందు చెబుతాను. మీ కార్యాలయంలో వాదించాల్సి వచ్చినప్పుడు నీకు పనికొస్తుంది. మన దేశంలో ఎఫ్‌ఎం లైసెన్సు మత సంస్థలకు ఇవ్వరు. అందుకే మనకు క్రైస్తవ రేడియో ఎప్పుడూ దూరం నుంచే వచ్చింది. నేను బడిలో చదువుకునే రోజుల్లో సీషెల్స్ దీవుల నుంచి ఫీబా అనే క్రైస్తవ సంస్థ షార్ట్‌వేవ్ ప్రసారాలు వచ్చేవి. అవి 1970లో మొదలై 2003లో ఆగిపోయాయి. శ్రీలంకలోని పుత్తలం నుంచి ట్రాన్స్ వరల్డ్ రేడియో మీడియం వేవ్ మీద వినిపించేది. మనీలా నుంచి రేడియో వెరిటాస్ ఏసియా కూడా 2018లో షార్ట్‌వేవ్ మానేసి ఇంటర్నెట్‌కు వెళ్లిపోయింది. ఆ కార్యక్రమాలు చాలావరకు మన దేశపు స్టూడియోల్లోనే తయారయ్యేవి. టేపు సముద్రం దాటి వెళితే, మాట తిరిగి మన ఇంటికి వచ్చేది.

ట్రాన్స్‌మీటర్ మీద పావుగంట కావాలంటే డబ్బు కట్టాలి. ఆ పావుగంటను కొత్తవాడి చేతిలో పెట్టడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? అందుకే తడబడని గొంతులు నాలుగైదు ఏరుకుని, ఏళ్ల తరబడి వాటితోనే నడిపారు. నేను వాళ్లను తప్పుపట్టను. ఆ గొంతులే మీ తాతయ్య చివరి రోజుల్లో ఆయన మంచం పక్కన ప్రార్థన చేశాయి. కానీ ఇప్పుడు మీ ప్రసారం ఫోనులో వస్తోంది. ఒక అమ్మాయి మూడు నిమిషాలు తడబడితే ఎవరి డబ్బూ పోదు. కొత్తవాళ్లకు అవకాశం ఇవ్వకపోవడానికి ఒకప్పుడున్న కారణం పోయింది, అలవాటు మాత్రం మిగిలింది. నువ్వు పోరాడాల్సింది ఆ అలవాటుతో.

పేరున్న ప్రసంగీకుని మాటలు వేద్దాం అనేవాళ్లను ఒక్క ప్రశ్న అడుగు. కాశీనగరంలో ఉన్న విశ్వాసి ఫోనులో ఆయన ప్రసంగాలన్నీ ముందే ఉన్నాయి కదా, అవే వినడానికి మీ ప్రసారం ఎందుకు తెరవాలి? వంశధార పొంగిన సంగతి, ఈ ఏడు జీడిపూత మాడిపోయిన సంగతి, గుమ్మ కొండల మీద ఏ ఇంట్లో జ్వరం వచ్చిందో ఆ సంగతి ఆయనకు తెలియవు. తెలిసినవాళ్లు ఇక్కడే ఉన్నారు. మీ దగ్గర మాత్రమే దొరికేది ఏదైనా ఉంటే అది ఇదే.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. పలాస దగ్గర తీరం దాటింది. మన జిల్లాలో కొండచరియలు విరిగి ఎంతమంది పోయారో నీకు తెలుసు. కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. సిగ్నల్ తిరిగి వచ్చిన రోజు నేను వెంటనే మన క్రైస్తవ కార్యక్రమం పెట్టాను. ఎప్పుడో రికార్డు చేసిన ప్రసంగం నడుస్తోంది. వాక్యం మంచిదే, చెప్పినాయన భక్తిపరుడే. కానీ ఆ రోజు మాకు కావలసింది మా పేర్లు తెలిసిన ఒక మనిషి. ఏ దారి తెగింది, బియ్యం ఎక్కడ ఇస్తున్నారు అని చెప్పి, పోయినవాళ్ల కోసం మా భాషలో ప్రార్థించే మనిషి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఇంత పొడవు ఉత్తరం రాస్తున్నాను.

ఇక ఎవరిని వెతకాలో చెబుతాను. పాస్టర్ల దగ్గర మొదలుపెట్టకు. వాళ్లు గౌరవనీయులు, కానీ ప్రసంగ వేదిక నేర్పే గొంతు వేరు. చివరి బెంచీకి వినపడాలని స్వరం పెంచడం వాళ్లకు అలవాటు. మైకు ముందు వినేది ఒక్కరే. పొయ్యి దగ్గర కూర్చున్న ఒక తల్లి, లేదా రాత్రి కాపలా ఉద్యోగంలో ఉన్న ఒక కుర్రవాడు. ఆ ఒక్కరితో మాట్లాడగలిగే వాళ్లు కావాలి. మన సంఘంలో సండే స్కూలు చెప్పే చిన్నత్తయ్యను చూడు. ఆమె కథ మొదలుపెడితే గోల చేసే పిల్లలు కూడా నోరు మూసుకుంటారు. ఆమె గొంతు కాస్త బొంగురు, మీవాళ్లు మొదటి నిమిషంలోనే కాదంటారేమో. నేనైతే ఆమెనే ముందు పిలుస్తాను. ఆసుపత్రిలో రోగుల బంధువులతో మాట్లాడే నర్సమ్మలు, యవ్వనస్తుల కూటంలో ప్రకటనలు చదివే అమ్మాయి, పాతపట్నం ఆటో నడుపుతూ దారంతా కీర్తనలు పాడే మన పక్కింటి అబ్బాయి కూడా ఉన్నారు. మంచి గొంతు కన్నా, ఎదుటివాళ్ల మాట వినే ఓపిక ఉన్నవాళ్లను చూసుకో. వినడం వచ్చినవాళ్లకు చెప్పడం నేర్పవచ్చు.

మీ కార్యాలయం ప్రకటనలో తెలుగు చదవడం, రాయడం తప్పనిసరి అని పెట్టారు. అది తీసేయించు, అమ్మలూ. ఇక్కడి పిల్లలు ఒడియా మాధ్యమంలో చదివారు. నా చేతి కిందే ఎందరో చదివారు, నాకు తెలుసు. ఇంట్లో తెలుగు, బజారులో తెలుగు, ప్రార్థనలో తెలుగు, కానీ తెలుగు అక్షరాలు చాలామందికి రావు. మన గాయక బృందం పిల్లల నోటుపుస్తకాలు తెరిచి చూడు, తెలుగు కీర్తనలన్నీ ఒడియా లిపిలో రాసుకుని ఉంటాయి. వాళ్లు పాడుతుంటే ఎవరికైనా తేడా తెలిసిందా? కాగితం మీద ఏ లిపి ఉందో శ్రోతకు కనపడదు. ఒడియా అక్షరాల్లోనే రాసుకోనివ్వు. కాగితం ఇచ్చి చదివించి పరీక్ష పెట్టవద్దు. నిన్న మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పమని అడిగి రికార్డు చేయి. మాట ఎక్కడ ప్రాణంతో ఉందో నీకే తెలుస్తుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. మైకు చూడగానే మన పిల్లలు పాత బైబిలు తెలుగులోకి వెళ్లిపోతారు. వచ్చియున్నాము, చెప్పుచున్నాము అంటూ మొదలుపెడతారు. వాక్యం చదివేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చదవాలి, దాన్ని మార్చమని నేను అనను. కానీ పక్కింటి మనిషిని పలకరించడానికి ఆ భాష ఎందుకు? వాడుక భాష కోసం జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే దశాబ్దాల పాటు ఉన్నారు, ఇక్కడి రాజావారి బడిలోనే పాఠాలు చెప్పారు. ఆయన ఊరి పిల్లలు మైకు ముందు తమ మాట మాట్లాడటానికి సిగ్గుపడకూడదు. మన యాసను విశాఖపట్నం తెలుగులా దిద్దకు. స్పష్టత నేర్పు, అది చాలు.

గిడుగువారు ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు సవరలోనే పాఠాలు రాశారు. 1938లో ఆయన సవర నిఘంటువు వచ్చింది. సెరంగో, గుమ్మ వైపు సవర సంఘాలు ఎన్ని ఉన్నాయో నీకు తెలియనిది కాదు. వాళ్ల పిల్లలు వస్తే తెలుగులో చెప్పమని బలవంతం చేయవద్దు. ఒక పావుగంట వాళ్లకే ఇచ్చేయండి. సవర రాని మీరు దాన్ని ఎలా సరిచూస్తారని మీవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ సంఘాల పెద్దలిద్దరిని కూర్చోబెట్టి ముందుగా వినిపించండి.

నేర్పే పద్ధతి నాకన్నా నీకే బాగా తెలుసు, అయినా ఉపాధ్యాయుణ్ణి కాబట్టి కొంత చెప్పకుండా ఉండలేను. మొదట మూడు నిమిషాలకు మించి ఇవ్వకు. ఊరి విశేషాలు, ఆ వారం ప్రార్థన మనవులు, ఆసుపత్రి శిబిరం ఎప్పుడన్నది చెప్పనివ్వు. సాక్ష్యం, వాక్యం తర్వాత వస్తాయి. ఫోనుతోనే మొదలుపెట్టవచ్చు. గోడలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపితే మన చర్చి వెనక గది సరిపోతుంది. ఫోను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉంటే పకారాలు, భకారాలు పేలవు. ఒక్క ఊపిరిలో చెప్పలేని వాక్యాన్ని రెండుగా విరవమను. రికార్డు అయ్యాక పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి వినండి. ముందు వాళ్లనే మాట్లాడనివ్వు, ఎక్కడ బాగా లేదో వాళ్లకే తెలుస్తుంది. వారానికి ఒక్క తప్పే దిద్దు, అదీ నలుగురి ముందు కాదు. మళ్లీ మళ్లీ చదివించి మాటను అరగదీయకు. ఒక చిన్న తడబాటు ఉంటే ఉండనివ్వు.

ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండు. వాళ్లకు బస్సు చార్జీ, చేతికి కొంత డబ్బు ఇవ్వాలి. దేవుని పని ఉచితంగా చేయాలని పెద్దవాళ్లు సులభంగా అంటారు. కూలి మానుకుని వచ్చిన పిల్లవాడితో ఆ మాట అనడం న్యాయం కాదు. ఆడపిల్లల రికార్డింగు పగటిపూటే పెట్టు. ముందు వాళ్ల ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడు. మీ అమ్మ నీతో వస్తానంటోంది.

మాట్లాడటంతో పాటు బాధ్యత కూడా నేర్పాలి. ఇది ఒడిశా. బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మార్చడాన్ని నిషేధిస్తూ ఇక్కడ 1967లోనే చట్టం చేశారు. ఆ చట్టం ఏం చెబుతోందో ప్రతి కొత్త వ్యాఖ్యాతకూ మొదటి వారంలోనే చదివి వినిపించు. పక్కవాళ్ల దేవుణ్ణి కించపరిచే ఒక్క మాట కూడా మన ప్రసారంలో రాకూడదు. చట్టానికి భయపడి చెప్పడం లేదు, మన పొరుగువాళ్లను ప్రేమించమన్న ప్రభువు మాట కోసం చెబుతున్నాను. మందులు మానేయండి, ప్రార్థనే చాలు అనే సాక్ష్యాలు వస్తాయి. వాటిని ఆపే ధైర్యం నీకూ, నువ్వు తయారు చేసేవాళ్లకూ ఉండాలి. విన్న సంగతి నిజమో కాదో విచారించుకోకుండా చెప్పకూడదు.

పల్లెవాళ్ల వల్ల అవుతుందా అని ఎవరైనా అంటే జహీరాబాదు దగ్గర మాచనూరు సంగతి చెప్పు. అక్కడ 2008 నుంచి ‘సంఘం రేడియో’ అనే కమ్యూనిటీ రేడియోను దళిత మహిళలు నడుపుతున్నారు. అది క్రైస్తవ రేడియో కాదు, కానీ మైకు ముందు మాట్లాడటానికి పెద్ద చదువులు అక్కర్లేదని చూపించింది. అనుభవం లేనివాళ్లకు మైకు ఎలా ఇస్తాం అంటే అమెరికాలోని పిట్స్‌బర్గ్ సంగతి చెప్పు. 1921 జనవరి 2న కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి ఆరాధనను కేడీకేఏ రేడియో స్టేషన్ ప్రసారం చేసింది. రేడియోలో వచ్చిన తొలి చర్చి ఆరాధన అదే అంటారు. పెద్ద పాస్టరు ఆ కొత్త సాధనం మీద ఆసక్తి చూపకపోతే, ఆ రోజు ప్రసంగించింది ఆయన సహాయకుడు. క్రైస్తవ ప్రసారం రెండో వరసలో ఉన్న మనిషితోనే మొదలైంది.

ఇంకొకటి, ఇది నీ గురించి. నీ కార్యక్రమం జనానికి నచ్చుతోందని నాకు తెలుసు. ఇక్కడ నిన్ను అడగని ఇల్లు లేదు. కొత్తవాళ్లు నిలబడాలంటే నీ సమయంలో కొంత వాళ్లకు ఇవ్వాల్సి వస్తుంది. బైబిల్లో బర్నబా తార్సుకు వెళ్లి సౌలును వెతికి అంతియొకయకు తీసుకొచ్చాడు. మొదట బర్నబా, సౌలు అని రాసిన పేర్లు పోనుపోను పౌలు (ఆ సౌలే), బర్నబా అయ్యాయి. దానికి బర్నబా నొచ్చుకున్నట్టు ఎక్కడా లేదు. నీకు ఆ మనసు ఉందని నమ్ముతున్నాను. నీ కష్టం నాకు తెలియక కాదు, నువ్వే చేయగలవని ఇలా రాస్తున్నాను.

ఇక పని సంగతి. వరికోతలు మొదలైతే ఎవరూ దొరకరు, ఆ తర్వాత క్రిస్మస్ పాటల సాధనలో పడిపోతారు. కాబట్టి నవంబరు తొలివారంలోనే రా. వెనక గది కోసం సంఘ పెద్దలు ఒప్పుకోవాలి. వాళ్ల కూటం వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన తర్వాత ఉంది. మీ కార్యాలయం తరఫున ఒక ఉత్తరం తెలుగులో, ఒకటి ఒడియాలో పంపించు. ఎన్ని రోజులు గది కావాలి, కరెంటు ఖర్చు ఎవరిది, పిల్లలకు ఎంత ఇస్తారు అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. చిన్నత్తయ్యతో నేను మాట్లాడాను. తన గొంతు బాగుండదని మొహమాటపడుతోంది. నువ్వే ఒకసారి ఫోను చేసి పిలువు.

ప్రభువునందు,
మీ నాన్న